సంతకానికి తొందరేముంది

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనో, కడపలోనో, ఇల్లు వదిలి దూరం వెళ్ళగలిగితే బరోడాలోనో శాంతినికేతన్‌లోనో ఏటా మన పిల్లలు బీఎఫ్ఏ మొదటి సంవత్సరంలో చేరుతున్నారు. వాళ్ళలో చాలామంది ఇంట్లో ఇంజనీరింగ్ మాట మీద గట్టిగా పోరాడి నెగ్గుకొచ్చినవాళ్ళు. స్కూల్లో, ఊళ్ళో, చుట్టాల్లో 'బొమ్మలు బాగా వేస్తాడు', 'బొమ్మలు బాగా వేస్తుంది' అని పేరున్నవాళ్ళు. అలాంటి పేరున్నవాళ్ళందరినీ తెచ్చి ఒకే గదిలో కూర్చోబెడితే ఆ పేరు ఎవరికీ అక్కరకు రాదు. పక్కవాడి గీత తన గీతకన్నా నున్నగా ఉంటుంది. సీనియర్ల గోడల మీద బొమ్మలు చూస్తే ఫలానా వాళ్ళవని దూరం నుంచే తెలుస్తుంది. అక్కడ ఒక బెంగ పట్టుకుంటుంది: నాకంటూ ఒక శైలి లేదు కదా, ఎప్పుడొస్తుంది, ఎలా తెచ్చుకోవాలి? ఆ బెంగకు లొంగి మొదటి ఏడాదే ఒక పద్ధతి ఎంచుకుని, దాన్నే నాలుగేళ్ళూ సాగదీసేవాళ్ళు కొందరుంటారు. నా వాదన దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాలేజీలో ఉన్నంతకాలం శైలిని వెతకకండి. జీవితంలో శైలి లేకుండా పనిచేయడానికి అనుమతి ఉండే రోజులు అవే. బయట ఎంత డబ్బు పెట్టినా ఒకచోట దొరకనివి ఆ ఆవరణలో కొన్ని ఉంటాయి. మీ కాలమంతా వాటి మీద పెట్టండి.

ముందు చూపు సంగతి. బల్ల మీద ఒక నీళ్ళగ్లాసు పెట్టి గీయమంటే కొత్తగా చేరిన విద్యార్థి ఏం చేస్తాడో గమనించండి. గ్లాసు మూతిని కోడిగుడ్డంత వెడల్పుగా గీస్తాడు, దాని రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. పక్క గీతలు రెండూ తిన్నగా కిందికి దింపుతాడు. అడుగు దగ్గరికి వచ్చేసరికి స్కేలు పెట్టినట్టు అడ్డంగా ఒక గీత గీసి ముగిస్తాడు. ఎందుకంటే గ్లాసు అడుగు చదునుగా ఉంటుందని, అందుకే అది బల్ల మీద నిలబడుతుందని అతనికి తెలుసు. కానీ కన్ను పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు మూతికన్నా ఎక్కువ గుండ్రంగా కనబడాలి. కంటి మట్టానికి ఎంత కిందికి వెళ్తే ఆ వలయం అంతగా విచ్చుకుంటుంది. దాని కొసలు ఎక్కడా మొనదేలవు, వంపు తిరుగుతాయి. అతను గీసింది తనకు తెలిసిన గ్లాసునే తప్ప కళ్ళెదుట ఉన్న గ్లాసును కాదు. ఈ తప్పు మాటల్లో చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, చేతికి ఎక్కడానికి మాత్రం నెలలు పడుతుంది. ఫౌండేషన్ ఏడాదిలో కుండలూ సీసాలూ గుడ్డ మడతలూ పదేపదే గీయించేది ఇందుకే. విసుగ్గా ఉంటుందని నాకు తెలుసు. అయితే ఆ విసుగులోనే మనం ఎంత తక్కువ చూస్తామో, ఎంత ఎక్కువ ఊహించుకుని గీస్తామో మొదటిసారి బయటపడుతుంది. మనిషి ముఖం గీసేటప్పుడు ఇదే తప్పు పది రెట్లవుతుంది. కన్ను ఎలా ఉండాలో అందరికీ ముందే 'తెలుసు' కాబట్టి ఎదురుగా కూర్చున్న మనిషి కన్నును ఎవరూ చూడరు. తొందరపడి తెచ్చుకున్న శైలి చేసే మొదటి చెరుపు ఇదే. కన్ను ఎలా వేయాలో అది ముందే తేల్చిపెడుతుంది, ఇక చూడవలసిన పనే ఉండదు.

రెండోది సామగ్రి. చార్కోల్ వాడటం వీడియో చూసి నేర్చుకోవచ్చు, నీటిరంగులు ఇంట్లో కూర్చుని సాధన చేయవచ్చు. ఎచింగ్ ప్రెస్సు, మట్టి కాల్చే కొలిమి, లోహం పోత పోసే చోటు, గంటల తరబడి కదలకుండా కూర్చునే మోడల్, ఇవన్నీ ఇంట్లో ఎవరికుంటాయి? వీటి విలువ ఎంతో చెప్పడానికి నాకు కృష్ణారెడ్డి గారికి మించిన ఉదాహరణ తోచదు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన మనిషి ఆయన. 1941లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరి నందలాల్ బోస్ దగ్గర చదివారు. ఆ తర్వాత లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. పారిస్‌లోనే స్టాన్లీ హేటర్ నడిపే అతెలియే 17 అనే ప్రింట్ కార్ఖానాలో అడుగుపెట్టాక, అక్కడివాళ్ళతో కలిసి పనిచేస్తూ ఒకే లోహపు రేకు నుంచి ఒకే దెబ్బలో అనేక రంగులు అచ్చువేసే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవాళ్ళలో ముఖ్యుడయ్యారు. అంతవరకూ రంగుకొక రేకు చెక్కడమే ఎక్కువమందికి తెలిసిన దారి.

ఆ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. రేకును యాసిడ్‌తోనూ పనిముట్లతోనూ మెట్లుమెట్లుగా, వేర్వేరు లోతుల్లో తొలుస్తారు. రంగు సిరాల్లో ఒకదానిలో అవిసె నూనె ఎక్కువ కలిపి పలచన చేస్తారు, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతారు. గట్టి రోలర్ పై మెట్టును మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలర్ ఒత్తిడికి వంగి లోపలి మెట్టు దాకా దిగుతుంది. పలచటి నూనె సిరా ముందు పూసిన చోట మీద చిక్కటి సిరా అంటుకోదు. అంటుకోకపోవడం వల్లే రెండు రంగులూ దేని చోట అది నిలబడతాయి. ఇంతా చేస్తే, ఈ పద్ధతి పుట్టింది ఎవరో ఒక రోజు కొత్త శైలి కావాలని కూర్చుని ఆలోచించడం వల్ల కాదు. నూనె పాళ్ళు మారిస్తే ఏమవుతుంది, రోలర్ మెత్తబడితే ఏమవుతుంది అని చేతులతో వెతికినవాళ్ళకు దొరికింది. శిల్పం నేర్చుకున్న చెయ్యి కాబట్టి కృష్ణారెడ్డి రేకును కాగితంలా చూడలేదు, చెక్కవలసిన లోహంగా చూశారు. శిల్పిగా తన దారి తేలిపోయిందని పారిస్‌లో తలుపు మూసుకుని ఉంటే ప్రపంచానికి తెలిసిన ఆ ప్రింట్‌మేకర్ ఉండేవారు కాదు. కనుక మీరు పెయింటింగ్ విద్యార్థి అయినా శిల్పం షెడ్డులోకి వెళ్ళండి, శిల్పం వాళ్ళయితే ప్రెస్సు దగ్గర నిలబడండి. నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ గారు హైదరాబాద్‌లో చదువు ముగించి బరోడా వెళ్ళి, మ్యూరల్‌తో పాటు ప్రింట్‌మేకింగ్‌నూ పట్టుకున్నారు. తన ఊరి మేకలూ చెట్లూ మనుషులూ ఎచింగ్ గీతలో అంత సాంద్రంగా కనబడటానికి బరోడా ప్రెస్సుకు వాటా ఉంది.

దీనికి వెంటనే వచ్చే ఎదురుమాట నాకు తెలుసు. ఇవాళ గ్యాలరీవాళ్ళకూ, ఫోన్‌లో బొమ్మలు చూసే లక్షల మందికీ గుర్తుపట్టే ముద్ర కావాలి. అది లేనివాడిని ఎవరు పట్టించుకుంటారు? ఈ మాటలో నిజముంది. గుర్తింపు ఉన్న బొమ్మే అమ్ముడవుతుంది. దానికి సాక్ష్యంగా అందరూ చూపేది తోట వైకుంఠం గారినే. పెద్ద బొట్టు, ముదురు ఎరుపు చీర, నల్లని ఒళ్ళు, పక్కకు తిరిగిన తెలంగాణ ఆడమనిషి ముఖం చూస్తే సంతకం చూడక్కరలేదు. కానీ ఆ ముద్ర ఎప్పుడు వచ్చిందో లెక్క చూడండి. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర పనిచేశారు. మధ్యలో 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. మనం ఇవాళ ఆయనదని గుర్తుపట్టే స్త్రీ పూర్తిగా నిలదొక్కుకునేసరికి ఆయనకు నలభై ఏళ్ళు దాటాయి. వెనకాల ఊరి నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళ అలంకారం ఉంది, తల్లి రూపం ఉంది, దశాబ్దాల డ్రాయింగ్ ఉంది. ఇప్పుడు హోటల్ లాబీల్లోనూ ఫ్రేముల దుకాణాల్లోనూ ఆ బొట్టూ ఆ చీరా వేసి అమ్మే బొమ్మలు ఎన్ని కనబడతాయో చెప్పక్కరలేదు. వాటిలో బొట్టు వచ్చింది గానీ ఆ దశాబ్దాల డ్రాయింగ్ రాలేదు. అందుకే వాటిని ఒకసారి చూశాక రెండోసారి చూడబుద్ధి కాదు. ఇరవై ఏళ్ళ వయసులో తెచ్చుకున్న ముద్రతో వచ్చే చిక్కు కూడా ఇదే. అది అమ్ముడవడం మొదలైతే మార్చుకునే ధైర్యం పోతుంది, అమ్ముడుకాకపోతే దాన్ని పట్టుకుని వేలాడిన కాలం పోతుంది.

ఇప్పుడు కొత్తగా ఇంకో ఎదురుమాట చేరింది. కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే బొమ్మ గీసి ఇస్తోంది, మరి ఈ గ్లాసులూ కుండలూ ఎందుకు? నాకు మాత్రం ఈ యంత్రం నా వాదనకే బలం చేకూర్చినట్టు తోస్తుంది. అది క్షణాల్లో ఇవ్వగలిగింది పైకి కనబడే శైలినే. ఫలానా చిత్రకారుడి పద్ధతిలో ఫలానా దృశ్యం అని అడిగితే చాలు, ముద్ర దిగిపోతుంది. అంటే విద్యార్థి నాలుగేళ్ళు తంటాలుపడి సంపాదించాలనుకున్న పైపూత ఇప్పుడు ఎవరికైనా చవకగా దొరుకుతుంది. దొరకనిది మీరు ఏ వీధి మూల నిలబడి దేన్ని ఎంతసేపు చూశారన్నది. ఏది వేయాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం కూడా యంత్రం తనంత తాను తీసుకోదు. ఆ నిర్ణయశక్తి గీసి గీసి చెరిపినవాళ్ళకే వస్తుంది.

అలా వచ్చిన శక్తి ఎంత లోతుకు దిగుతుందో వినోద్ విహారీ ముఖర్జీ జీవితం చూస్తే తెలుస్తుంది. పుట్టుకతోనే ఒక కంట చూపు లేదు, రెండో కంటిది మసక చూపు. అలాంటి మనిషి కళాభవన్ తొలితరం విద్యార్థుల్లో ఒకరై, అక్కడే గురువై, 1946-47లో శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ భక్తకవుల ఊరేగింపును ఫ్రెస్కోగా వేశారు. 1950లలో కంటి ఆపరేషన్ వికటించి ఉన్న చూపు కూడా పోయింది. ఆ తర్వాత ఆయన రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, మట్టితో, మైనంతో బొమ్మలు చేశారు, 1972లో కళాభవన్ గోడకు టైల్స్ మ్యూరల్ సమకూర్చారు. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు, ప్రతి ఆర్ట్ విద్యార్థీ తప్పక చూడవలసిన చిత్రం. చూపు పోయినా చేతికీ మనసుకూ ఎక్కిన రూపజ్ఞానం పోలేదు. ఆయన పట్టుకున్నది ఒక్క శైలినే అయి ఉంటే, ఆ శైలికి కావలసిన కళ్ళు పోగానే అంతా ముగిసిపోయేది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. దాన్ని కళాశాలల చరిత్రే లేవనెత్తింది. కళ్ళతో చూసింది చూసినట్టు గీయడం కూడా ఒక శైలే కదా, అదీ పరాయి శైలి? మద్రాసులో 1850లో, బొంబాయిలో 1857లో మొదలైన ఆర్ట్ స్కూళ్ళు బ్రిటిష్ పాలనలో పుట్టాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గ్రీకు విగ్రహాలు పెట్టి వాటి నీడలు గీయించాయి. అజంతా, లేపాక్షి ఉన్న దేశంలో ఇదేం చదువని కలకత్తా ఆర్ట్ స్కూల్లో హావెల్, అవనీంద్రనాథ్ ఠాగూర్ తిరగబడ్డారు. 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ పుట్టడం వెనక ఆ తిరుగుబాటు ఉంది. ఈ అభ్యంతరాన్ని నేను కాదనను. నీళ్ళగ్లాసు పాఠం ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి తేలేది చూడటం మానేయమని కాదు, ఒకటికి మించిన చూపులు నేర్చుకోమని. లేపాక్షి వీరభద్రాలయం మండపం కప్పు మీది చిత్రాల్లో మనుషులు పక్కకు తిరిగి నిలబడతారు, వెలుగునీడలు లేవు, నల్లటి హద్దు గీతే అంతా మోస్తుంది. దాన్ని ఒక పూట కూర్చుని నకలు తీయండి. ఆ గీత ఎక్కడ బలం తీసుకుంటుందో, చీర అంచు దగ్గర ఎక్కడ సడలుతుందో మీ మణికట్టుకు తెలుస్తుంది. చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరసలు వరసలుగా పరుస్తారు. అక్కడ దూరం అంటే చిన్నగా వేయడమని అర్థం కాదు, ముఖ్యమైన మనిషి పెద్దగా ఉంటాడు.

శ్రీకాళహస్తి కలంకారీలో ఇంకా గొప్ప పాఠం ఉంది. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో గుడ్డను నానబెట్టి ఎండబెడతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టి తీసిన కసీం నీళ్ళను, మొనకు పైన గుడ్డ చుట్టిన వెదురు కలంతో దాని మీద గీస్తారు. ఆ నీళ్ళు కరక్కాయ గుడ్డను తాకగానే నల్లబడతాయి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. అప్పటికి కంటికి దాదాపు ఏమీ కనబడదు, రంగు నీళ్ళలో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. ఇంకా కనబడని రంగును లెక్కలో పెట్టుకుని గీసే క్రమశిక్షణ అది. వీటిని ఎరువు తెచ్చుకునే డిజైన్లుగా వాడుకోవద్దు. ఇవాళ చాలామంది చేస్తున్నది అదే, నాకు అది బాధగా ఉంటుంది. ఆ పనివాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి. గ్రీకు విగ్రహమూ కావాలి, నకాషీ పటమూ కావాలి. రెండింటికీ మధ్య నిలబడి ఎంచుకోగలిగినవాడే పరాయి చూపు నుంచి బయటపడతాడు.

మరి పత్రికల్లో బొమ్మలు వేసిన బాపు ఏ ఆర్ట్ స్కూల్లో చదివారు అని అడుగుతారు. ఆయన మద్రాసులో లా చదివిన మనిషి. వడ్డాది పాపయ్య గారూ కాలేజీ దారిన వచ్చినవారు కారు. నిజమే. అయితే వాళ్ళకు బడి లేదనడం పొరపాటు. వారం వారం కథకు బొమ్మ అడిగే సంపాదకుడు, దాటడానికి వీల్లేని గడువు, గీత తేడా వస్తే పాడుచేసి చూపే బ్లాకుల అచ్చు, మర్నాడే అభిప్రాయం చెప్పే పాఠకులు, ఇంత కఠినమైన బడి ఏ కళాశాలలోనూ లేదు. ఆ పత్రికలు చాలావరకు ఇప్పుడు అచ్చులో లేవు. చందమామ కూడా ఆగిపోయింది. ఆ బడి మూతపడ్డాక వారానికి అన్ని బొమ్మలు గీయించేది, తప్పయితే మొహం మీద చెప్పేది కాలేజీ స్టూడియోనే. అందుకే తోటి విద్యార్థుల విమర్శను తేలిగ్గా తీసుకోవద్దంటాను. బొమ్మ గోడకు ఆనించి పెట్టి అందరూ చుట్టూ నిలబడి మాట్లాడేటప్పుడు సమర్థించుకోకుండా వినండి. లైకులు కొట్టేవాళ్ళు మీ బొమ్మలో చెయ్యి పొట్టిగా ఉందని చెప్పరు, పక్క ఈజిల్ వాడు చెబుతాడు.

తిండి సంగతేమిటని తల్లిదండ్రులు అడగడం న్యాయం. బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్ళు తక్కువ. బోధన, డిజైన్, యానిమేషన్, సినిమా సెట్లు, పుస్తకాల బొమ్మలు, ఇలా పక్కదారులు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కావలసింది గట్టి డ్రాయింగూ సామగ్రి మీద పట్టూ తప్ప విద్యార్థి దశలో కుదుర్చుకున్న ముద్ర కాదు. వచ్చిన పనికి తగ్గట్టు చెయ్యి మార్చుకోగలగడమే అక్కడ జీతం తెస్తుంది. ఇక అంత కాలం ఎవరికుంది, చిత్రకారుడు దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోలేదా అంటే, ఆ కొద్ది కాలంలో కూడా ఆయన బొంబాయి జె.జె. స్కూల్లో చదువు పూర్తిగా చదివారు, 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి ఇంకొకరికి నేర్పారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరున ఉన్న గ్యాలరీకి వెళ్ళినప్పుడు పేరుమోసిన పెద్ద చిత్రాల దగ్గర ఆగిపోకుండా స్కెచ్‌లు కూడా చూడండి. ఆయన దేన్ని సాధన చేశారో వాటిలో ఉంది.

ఈ ఏడు చేరినవాళ్ళకు నా విన్నపం ఇది. బొమ్మ మూలన సంతకం మానేసి తేదీ వేయండి. జేబులో ఇమిడే స్కెచ్‌బుక్ ఒకటి పెట్టుకుని బస్టాండులో, రైతుబజారులో, ఆసుపత్రి వరండాలో మనుషులను గీయండి. లైబ్రరీలో బొమ్మల పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో మొదటి వారమే కనుక్కోండి. మీ కాలేజీలో ఎచింగ్ ప్రెస్సు తుప్పుపట్టి మూల పడి ఉన్నా, కొలిమి వెలిగి ఏళ్ళయినా, మోడల్‌కు ఇవ్వడానికి డబ్బు లేదని లైఫ్ స్టడీ ఎత్తేసినా ఊరుకోకండి. నలుగురు కలిసి అర్జీ రాయండి, ప్రిన్సిపాల్‌ను కలవండి, మీ అమ్మానాన్నల చేత కూడా అడిగించండి. మీరు కట్టిన ఫీజు వాటి కోసం కూడా.